సెల్యులోజ్ పూసలకు ఎంజైమ్ అతుక్కుంటున్నా చర్య తక్కువగా ఉంది: కారణం ఏమై ఉంటుంది?

నమస్కారం. సన్నని రంధ్రాలున్న సెల్యులోజ్ పూసలపై ఇన్వర్టేజ్‌ను (సుక్రోజ్ అనే చక్కెరను విడగొట్టే ఎంజైమ్) అతికించి స్థిరపరచడంలో ఎదురైన చిక్కు గురించి అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను. ఎంజైమ్ అతుక్కునే ఆల్డిహైడ్ సమూహాలు ఏర్పడేలా పూసలను సోడియం పెరయోడేట్‌తో ఆక్సీకరించి, మిగిలిన పెరయోడేట్‌ను ఇథిలీన్ గ్లైకాల్‌తో తొలగించి, బాగా కడిగిన తర్వాత, ఎంజైమ్‌తో పోటీపడే అమీన్లేవీ లేని ఫాస్ఫేట్ బఫర్‌లో 4 డిగ్రీల సెల్సియస్ వద్ద రాత్రంతా ఎంజైమ్‌తో కలిపి ఉంచాను. ఆ ఆల్డిహైడ్లకూ ఎంజైమ్‌లోని లైసిన్ అమీన్లకూ మధ్య ఏర్పడిన షిఫ్ బంధాలను (తిరిగి విడిపోగల బంధాలు) స్థిరపరచడానికి చివరగా సోడియం బోరోహైడ్రైడ్‌తో క్షయకరించాను.

కడిగిన ద్రవంలో ప్రోటీన్ దాదాపు కనిపించలేదు కనుక, అతుక్కోవడంలో లోపం లేదనే అనుకుంటున్నాను. అయినా సుక్రోజ్ ద్రావణంలో చర్య చాలా తక్కువగా ఉంది. అవే పూసలను గాజు కడ్డీతో నలిపి వేసినప్పుడు మాత్రం అది స్పష్టంగా పెరిగింది, కానీ స్వేచ్ఛగా ఉన్న ఎంజైమ్ స్థాయికి చేరలేదు. ఆక్సీకరణకు ముందు పూసలను ఒకసారి పూర్తిగా ఆరబెట్టాను. ఒకసారి ఆరిన సెల్యులోజ్ రంధ్రాలు తడిపినా పూర్తిగా తెరుచుకోవు కాబట్టి, అదే నా పొరపాటేమోనన్న బాధ ఉంది.

సుక్రోజ్ లోపలికి చేరకపోవడం వల్ల కలిగే నష్టాన్ని, ఒకే ఎంజైమ్ అణువు అనేక ఆల్డిహైడ్లకు బిగుసుకుని ఆకృతి కోల్పోవడం వల్ల కలిగే నష్టాన్ని విడివిడిగా ఎలా కొలవాలి? ముందుగా ఆక్సీకరణ సమయం తగ్గించడం మేలా, లేక ఎప్పుడూ ఆరనివ్వని చిన్న పూసలతో మళ్లీ మొదలుపెట్టడం మేలా? బోరోహైడ్రైడ్ చర్యే ఎంజైమ్‌ను దెబ్బతీసిందేమో తేల్చుకునే పద్ధతి తెలిసినవారు దయచేసి వివరించగలరు.