టీనేజ్ పిల్లలున్న పేరెంట్స్‌కి ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్ పనికొస్తుందా?

కంగారు అమ్మ: మా అబ్బాయికి 15 ఏళ్ళండి, పోయినవారం ఆడుతూ పడి తలకి దెబ్బ తగిలి కాసేపు స్పృహ లేదు, నాకైతే కాళ్ళూ చేతులూ ఆడలేదు. లేచాక బానే ఉన్నాడని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళలేదు, కానీ అప్పట్నుంచి చిరాకు, నిద్ర లేదు, గదిలోంచి బయటికి రావట్లేదు. ఒంటికీ మనసుకీ రెండిటికీ పనికొచ్చే ట్రైనింగ్ ఉందా?

నర్సు అక్క: ముందు ఈరోజే డాక్టర్‌కి చూపించమ్మా, ప్లీజ్. తలదెబ్బ తర్వాత చిరాకు, నిద్ర పట్టకపోవడం కంకషన్ (దెబ్బకి మెదడు అదరడం) వల్ల కూడా వస్తాయి, వయసు ప్రభావం అనుకుని వదిలెయ్యకు. వాంతులు, మగత, మాట తడబడడం ఉంటే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. ట్రైనింగ్ మాత్రం తప్పకుండా తీసుకో, గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్‌లో ఛాతీని నిమిషానికి 100-120 సార్లు నొక్కాలని చదివితే సరిపోదు, బొమ్మ మీద చేత్తో చేస్తేనే వస్తుంది.

ఇద్దరు పిల్లల నాన్న: మనసుకైతే మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్ అని కోర్సు ఉందండి, 2000లో ఆస్ట్రేలియాలో మొదలైంది, టీనేజర్లతో ఉండే పెద్దవాళ్ళకి విడిగా కూడా ఉంది. నేను చేశాను. సలహాలివ్వడం ఆపి వినడం అక్కడే నేర్చుకున్నా, నాకు అదే కష్టమైంది. ఇంకోటి, అనుమానం వస్తే "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా" అని సూటిగా అడగాలి, అడిగితే ఆ ఆలోచన మనమే పెట్టినట్టు కాదు. అవునంటే ఒంటరిగా వదలకూడదు, మందులూ అవీ అందకుండా తీసేసి వెంటనే సాయం పిలవాలి.

కంగారు అమ్మ: చాలా థాంక్స్ అక్కా, అన్నా. సాయంత్రమే హాస్పిటల్‌కి వెళ్తున్నాం.