లాజిస్టిక్స్: లెక్కా, విడిదా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఒక కంపెనీ కరపత్రం తెలుగు చేస్తున్నాను. ‘లాజిస్టిక్స్’ అన్నచోటల్లా ‘రవాణా’ అని రాస్తే, మరి మా గోదాములు ఏమైనట్టు అని తిప్పి పంపారు. గ్రీకు ‘లోగిస్టికోస్’ దీనికి మూలమనీ, లెక్కల్లో నేర్పరి అని అర్థమనీ ఒకచోట చదివాను. మరి మిలిటరీవాళ్లూ ఇదే మాట వాడతారు కదా, వాళ్లకు లెక్కలతో ఏం పని? కాస్త విప్పి చెప్పండి.

జవాబు:
గ్రీకు మాట ఉన్నది నిజమేనండీ. ఏథెన్స్‌లో అధికారుల జమాఖర్చులు తనిఖీ చేసేవాళ్లను ‘లోగిస్తాయ్’ అనేవారు. అంకగణితం అనే అర్థంలో ఆ మాట లాటిన్ మీదుగా ఐరోపా భాషల్లోకి వచ్చింది కూడా. కానీ సైన్యం మాట వేరే ఇంటిపేరుది. దాన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు జోమినీ. స్విట్జర్లాండ్‌లో పుట్టి, నెపోలియన్ సైన్యంలో ‘నే’ అనే మార్షల్ దగ్గర పనిచేసి, 1813లో రష్యా కొలువుకు మారిన మనిషి. 1838లో వచ్చిన తన యుద్ధకళ గ్రంథంలో దీనికి ఒక అధ్యాయమే కేటాయించాడు. ‘మజోర్ జెనెరాల్ దె లొజి’ అనే ఫ్రెంచి హోదా నుంచి ఈ పేరు వచ్చిందని అందులో తనే చెప్పాడు. ‘లొజి’ అంటే బస. సేనలకు విడిది చూడటం, దండు దింపడం, నడిచే వరుసలను నడిపించి నిలపాల్సినచోట నిలపడం ఆ అధికారి పని. జర్మన్‌వాళ్ల ‘క్వార్టియర్‌మైస్టర్’ కూడా అచ్చంగా ఇదే. ఫ్రాన్స్ గుర్రపు దళాల్లో సార్జంటును ఇవాళ్టికీ ‘మరెషాల్ దె లొజి’ అంటారు.

రెండు మాటలూ చూడ్డానికి ఒకేలా ఉండటంతో వచ్చిన చిక్కు ఇది. గ్రీకు పేరు చెబితే కాస్త గొప్పగా ఉంటుంది కదా, అందుకే అదే ఎక్కువ తిరుగుతోంది. నా ఓటు మాత్రం విడిదికే.

జవాబు:
నేను ఆర్మీ సర్వీస్ కోర్‌లో చేసి రిటైరయ్యాను మాస్టారూ. యూనిట్‌లో లాజిస్టిక్స్ అని పలికేది పై అధికారులే. మాకు రసద్ (సరుకులు), రాశన్, లంగర్ (వంటశాల), ఇవే మాటలు. తిండి, పెట్రోలు, బండ్లు, కంచరగాడిదలు మా కోర్ చూసుకుంటుంది. తూటాలూ విడిభాగాలూ ఆర్డ్‌నెన్స్ కోర్‌వి. లద్దాఖ్‌లో మంచు పడి జోజిలా కనుమ మూతపడేలోపు చలికాలానికి సరిపడా సరుకు పైకి చేరాలి. కాన్వాయ్ దిగినచోట కిరోసిన్ డబ్బాలు కంచరగాడిద వీపుకు రెండు పక్కలా సమంగా కట్టాలి. ఒక పక్క బరువు ఎక్కువైతే ఎక్కుడులో అది అడుగు వేయదు. కాబట్టి, అమ్మా, లెక్కలతో మాకు బోలెడు పని ఉంది!

జవాబు:
పై ఇద్దరికీ దండాలు. మన దక్కన్ ముచ్చట కూడా ఒకటి చేర్చుకోండి. 1791 మేలో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ టిప్పు సుల్తాన్ రాజధాని శ్రీరంగపట్నం గుమ్మం దాకా వెళ్లి, పెద్ద ఫిరంగులను తనే పాడుచేసి వెనుదిరిగాడు. పోరులో ఓడి కాదు. ఎద్దులు చచ్చాయి, గింజలు అడుగంటాయి. మరుసటి ఏడు మళ్లీ దండెత్తినప్పుడు బంజారాల ఎద్దుల మందలు ధాన్యం మోశాయి. ఇంగ్లీషువాళ్ల కాగితాల్లో ‘బ్రింజారీ’ అని కనిపించేది వీళ్లే, మన లంబాడీల పెద్దలు. ఇక మాట సంగతి. ‘సరంజామా’ పారశీకం నుంచి వచ్చింది. సైన్యాన్ని పోషించడానికి మరాఠాలు ఇచ్చిన భూముల రాబడిని సరంజామ్ అనేవారు. మనకేమో అది పెళ్లి సరంజామా అయి కూర్చుంది. విడిది కూడా అంతే, దండు పోయి మగపెళ్లివారు మిగిలారు.

ప్రశ్న అడిగినవారు:
చాలా సంతోషం. మరి వ్యాపారంలోకి ఎలా దిగింది? హిందీలో ‘సంభార్ తంత్ర్’ చూశాను, మనమూ ‘సంభార తంత్రం’ అనొచ్చా?

జవాబు:
వద్దండీ, సంభారాలంటే మనవాళ్లకు పూజ సామాను గుర్తొస్తుంది. కేంద్రం 2022లో తెచ్చిన జాతీయ లాజిస్టిక్స్ విధానానికి హిందీలోనే ‘లాజిస్టిక్స్’ ఉంచేశారు. వ్యాపారంలోకి రావడం ఆలస్యంగానే. ఈ రంగంవాళ్లు అమెరికాలో 1963లో పెట్టుకున్న సంఘం పేరులో ఉన్నది ‘సరుకు పంపిణీ’. 1985లో దాన్ని ‘లాజిస్టిక్స్’గా మార్చారు, 2005లో ‘సప్లయ్ చెయిన్’ అన్నారు. ముడిసరుకు తెప్పించడం, నిల్వ, రవాణా, ఆర్డర్ల లెక్క అంతా ఒకే చేతికింద చూడాలన్న ఆలోచన పెరిగేకొద్దీ పేరూ మారుతూ వచ్చింది. అందుకే ఒక్క ‘రవాణా’లో అది ఇమడదు. పేరుగా వచ్చినచోట లాజిస్టిక్స్ అనే ఉంచండి. హైదరాబాద్ దగ్గరి బాటసింగారంలో పండ్ల మార్కెట్ పెట్టింది లాజిస్టిక్ పార్కులోనే, హమాలీలు కూడా ఆ పేరే పలుకుతారు. పని వివరించేచోట ‘సరుకు నిల్వ, చేరవేత’ అని విడదీసి రాయండి. సభలూ పెళ్లిళ్ల ‘లాజిస్టిక్స్’ అయితే ‘ఏర్పాట్లు’ చాలు.

ప్రశ్న అడిగినవారు:
అలాగే పంపుతున్నాను. కింది పేజీలో ‘లాస్ట్ మైల్’ ఉంది, దానికి రేపు మళ్లీ వస్తాను.