అప్‌డేట్: పరుగు తర్వాత మా గ్రేహౌండ్‌కు ముదురు రంగు మూత్రం

శంషాబాద్ వైపు ఎండలో పరుగు సాధన చేశాక మా మగ గ్రేహౌండ్ (పరుగుకు పేరుపొందిన జాతి కుక్క) కాఫీ రంగులో మూత్రం పోస్తోందని, బార్లీ నీళ్లు, కొండపిండి ఆకు కషాయం పట్టించవచ్చా అని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

పశువైద్యుడు చేయించిన మూత్ర పరీక్షలో, మూత్రంలో ముంచి చూసే పరీక్ష పట్టీ రక్తం ఉన్నట్లు చూపినా, సూక్ష్మదర్శినిలో ఎర్ర రక్తకణాలు కనిపించలేదు. రక్తంలో క్రియాటిన్ కైనేజ్ (కండరాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) బాగా పెరిగి ఉండటంతో, ఇది మూత్రాశయ ఇన్ఫెక్షన్ కాదని, అతిశ్రమకు కండరాలు దెబ్బతిని విడుదలైన మయోగ్లోబిన్ అనే కండరాల ప్రోటీన్ మూత్రంలోకి వస్తోందని తేలింది. ఈ పదార్థం మూత్రపిండాలను దెబ్బతీయగలదు కనుక వెంటనే సెలైన్ ఎక్కించి, పరుగు పూర్తిగా మాన్పించారు. మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ కాస్త ఎక్కువగా ఉందని మేము కంగారు పడ్డాం గానీ, గ్రేహౌండ్లలో అది ఇతర జాతుల కంటే సహజంగానే ఎక్కువట.

కషాయం విషయానికొస్తే, మూత్రాన్ని జారీ చేసే మూలికను ఒంట్లో నీరు తగ్గిన కుక్కకు ఇస్తే నీరు మరింత తగ్గుతుందని వైద్యుడు వద్దన్నారు. ఉప్పు వేయని పల్చటి బార్లీ నీళ్లు తాగితే తాగనివ్వమన్నారు, కానీ అది మందు కాదు. మూత్ర ఇన్ఫెక్షన్ అనుకుని క్రాన్‌బెర్రీ సూచించినవారికి ఒక మాట: ఎండుద్రాక్ష కలిసిన మిశ్రమాలు మాత్రం కొనకండి, ద్రాక్ష కుక్కల మూత్రపిండాలకు విషం.

ఇప్పుడు మూత్రం లేత పసుపు రంగులోకి వచ్చింది. మళ్లీ రక్తపరీక్ష చేయించాకే, అదీ తెల్లవారుజామున మాత్రమే, నెమ్మదిగా నడక మొదలుపెడతాం.