చర్చ: కాన్ఫిగరేషన్‌ను జార్ నుంచి బయటికి తీసినవారు అనుభవాలు చెప్పండి

కృష్ణాతీరం
మా సంస్థలో బీమా పాలసీలు చూసే, స్ప్రింగ్ బూట్ అనే జావా చట్రంతో రాసిన అప్లికేషన్ ఒకటి ఉంది. డెవలప్‌మెంట్, క్యూఏ (నాణ్యత పరీక్ష), యూఏటీ (వాడేవారి పరీక్ష), ప్రొడక్షన్ (అసలు వాడకం)లకు నాలుగు జార్లు, అంటే అప్లికేషన్ మొత్తాన్ని చుట్టిన ఫైళ్లు, విడివిడిగా బిల్డ్ చేస్తున్నాం. డేటాబేస్ చిరునామా, మెయిల్ సర్వర్, పాస్‌వర్డులు వంటి కాన్ఫిగరేషన్ విలువలన్నీ జార్ లోపలే ఉంటాయి. పోయిన నెల యూఏటీ జార్ పొరపాటున ప్రొడక్షన్‌కు వెళ్లింది. అప్లికేషన్ చక్కగా లేచింది, ఎర్రర్ ఒక్కటీ రాలేదు, కానీ కస్టమర్లు నాలుగు గంటలపాటు కట్టిన ప్రీమియంలు టెస్ట్ డేటాబేస్‌లో నమోదయ్యాయి. వాటిని సరిచేయడానికి మాకు రెండు రాత్రులు పట్టింది. ఇప్పుడు నాకు మూడు సందేహాలున్నాయి. విలువలను ఎక్కడ ఉంచాలి? వాటిని మార్చే అధికారం డెవలపర్లదా, ఆపరేషన్స్ వారిదా? నడుస్తున్న అప్లికేషన్ ఏ విలువ వాడుతోందో ఎలా తెలుసుకోవాలి?

టామ్‌క్యాట్_పాతకాపు
ఇది కొత్త సమస్యేమీ కాదండీ. మేము జేఎన్‌డీఐతో, అంటే సర్వర్‌లో ఉన్నవాటిని పేరుతో వెతికి తెచ్చుకునే జావా పద్ధతితో, దీన్ని ఎప్పుడో దాటేశాం. వార్ ఫైలులో (సర్వర్‌పై నడిపే జావా వెబ్ అప్లికేషన్ ప్యాకేజీ) డేటాసోర్స్, అంటే డేటాబేస్ కనెక్షన్, పేరు మాత్రమే ఉండేది. అసలు చిరునామా, యూజర్, పాస్‌వర్డ్ టామ్‌క్యాట్ అనే సర్వర్ కాంటెక్స్ట్ ఫైలులో, సర్వర్ చూసుకునేవారి చేతిలో ఉండేవి. క్యూఏలో పరీక్షించిన వార్‌నే, ఒక్క బైటు మారకుండా, పదకొండేళ్లు ప్రొడక్షన్‌లో పెట్టాం. సర్వర్‌ను కూడా జార్‌లోనే చుట్టేసే అలవాటు వచ్చాక ఆ గీత చెరిగిపోయింది. స్ప్రింగ్ బూట్‌లో కూడా మార్గం ఉంది. జార్ పక్కన కాన్ఫిగ్ అనే ఫోల్డర్‌లో ప్రాపర్టీస్ ఫైలు పెడితే, జార్ లోపలి ఫైలు కన్నా దాని మాటే చెల్లుతుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రామ్ లేచేటప్పుడు బయటి నుంచి దానికి అందే విలువ) ఉంటే అది ఆ ఫైలును మించుతుంది, కమాండ్ లైన్‌లో ఇచ్చింది ఆ రెంటినీ మించుతుంది.

రాత్రి_విధి
ఫైళ్లు వద్దండీ, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్సే వాడండి. హెరోకు అనే క్లౌడ్ సంస్థ ఇంజనీర్లు 2011 ప్రాంతంలో అప్లికేషన్లకు పన్నెండు సూత్రాలు రాసినప్పుడు కాన్ఫిగరేషన్‌కు పెట్టిన పరీక్ష చాలా సూటిగా ఉంటుంది: మీ కోడ్‌ను ఈ క్షణంలో లోకానికంతటికీ తెరిచి పెడితే, ఒక్క రహస్యమైనా బయటపడుతుందా? మా కోడ్ ఆ పరీక్షలో తప్పింది. ప్రొడక్షన్ పాస్‌వర్డ్, కోడ్ మార్పుల చరిత్రంతా దాచే గిట్‌లోకి వెళ్లిందని తెలిసి మా టీమ్‌లో ఒకాయన ఆ లైను తీసేసి కమిట్ చేసి, పని అయిపోయిందనుకున్నారు. పాత కమిట్‌లో అది అలాగే ఉండిపోయింది, ప్రాజెక్టు వదిలి వెళ్లినవారి ల్యాప్‌టాపుల్లో కూడా ఉంది. చివరికి పాస్‌వర్డ్ మార్చాల్సి వచ్చింది. ఆ పాస్‌వర్డ్‌నే వాడుతున్న మరో ఆరు అప్లికేషన్లు ఆ రాత్రి ఆగిపోయాయి.

తాళంచెవి
రాత్రి_విధి గారూ, మీరు చెబుతున్నది ప్రమాదకరమైన సలహా. లైనక్స్‌లో ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఎన్విరాన్‌మెంట్‌ను ప్రాక్ డైరెక్టరీలో అదే యూజర్, రూట్ (సర్వాధికారాలున్న యూజర్) ఎప్పుడైనా చదవగలరు. మీ అప్లికేషన్ మరో స్క్రిప్ట్‌ను పిలిస్తే ఆ విలువలన్నీ దానికీ సంక్రమిస్తాయి. ఎర్రర్ వచ్చినప్పుడు ఎన్విరాన్‌మెంట్ మొత్తాన్ని లాగ్‌లో కుమ్మరించే లైబ్రరీ వల్ల మా పేమెంట్ గేట్‌వే కీ లాగ్ సర్వర్‌కు చేరింది. ఆ సర్వర్‌ను సగం ఆఫీసు చూడగలదు.

రాత్రి_విధి
రూట్ చేతికి చిక్కినవాడు మీ ఫైలును మాత్రం చదవలేడా? లాగ్‌లో కుమ్మరించింది లైబ్రరీ అయితే, నా సలహా ప్రమాదకరమని ఎలా అంటారు?

తాళంచెవి
ఫైలుకు యజమానికి చదివే హక్కు మాత్రమే ఉండే 0400 అనుమతి పెట్టవచ్చు, చదివాక తీసేయవచ్చు. ఎన్విరాన్‌మెంట్ ప్రాసెస్ బతికున్నంత కాలం ఉంటుంది. పోర్ట్ నంబరు, టైమౌట్ (జవాబు కోసం ఆగే గడువు), లాగ్ స్థాయి వంటివాటికి ఎన్విరాన్‌మెంట్ భేషుగ్గా సరిపోతుంది, నాకు అభ్యంతరం లేదు. రహస్యాలకు మాత్రం, వాటిని భద్రంగా దాచి అనుమతి ఉన్నవారికే ఇచ్చే వాల్ట్ వంటిదే కావాలి. నేను అనుభవించి చెబుతున్నాను, వాదించడానికి రాలేదు.

రాత్రి_విధి
నేనూ అనుభవించే చెబుతున్నాను. నలుగురున్న టీమ్‌కు వాల్ట్ నడపడమే మరో ఉద్యోగం అవుతుంది.

పాడ్_కాపరి
కుబర్నెటీస్‌లో (అప్లికేషన్లను అనేక యంత్రాలపై నడిపే వ్యవస్థ) ఉన్నవారు ఒకటి గమనించాలి. కాన్ఫిగ్‌మ్యాప్ (అక్కడ కాన్ఫిగరేషన్ విలువలు దాచే చోటు) నుంచి ఎన్విరాన్‌మెంట్‌గా ఇచ్చిన విలువ, మ్యాప్‌ను మార్చినా పాడ్ (అప్లికేషన్ నడిచే ఒక్కో ప్రతి) మళ్లీ మొదలయ్యేదాకా మారదు. వాల్యూమ్‌గా, అంటే పాడ్ లోపల ఫోల్డర్‌లా, మౌంట్ చేస్తే ఫైలు కాసేపటికి మారుతుంది, కానీ సబ్‌పాత్‌తో, అంటే అందులోంచి ఒక్క ఫైలునే, మౌంట్ చేస్తే అదీ మారదు. మేము బ్యాంకు సర్వీసు టైమౌట్‌ను 30 సెకన్ల నుంచి 5కు తగ్గించి, మార్పు అమలైందనుకున్నాం. మూడు వారాల తర్వాత ఒక పాడ్ మెమరీ చాలక పడిపోయి తిరిగి లేచింది. అది 5 చదివింది, మిగతా రెండూ 30తోనే ఉన్నాయి. మూడింట ఒక వంతు లావాదేవీలు విఫలమవుతుంటే, కోడ్ మారలేదు కదా అని మేము నెట్‌వర్క్ వాళ్ల వెంట పడ్డాం. ఇప్పుడు కాన్ఫిగ్‌మ్యాప్ చెక్‌సమ్‌ను (అందులోని విలువల నుంచి లెక్కగట్టే గుర్తు) పాడ్ టెంప్లేట్ అనొటేషన్‌లో, అంటే దానికి తగిలించే గమనికలో, పెడుతున్నాం; మ్యాప్ మారితే పాడ్లన్నీ వరుసగా కొత్తవి అవుతాయి.

శాఖ_కోడ్
ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి మాట, ఏ రూపంలో రాస్తున్నారో ముందు చూసుకోండి. మేము బ్యాంకు శాఖల జాబితాను యామల్ (కాన్ఫిగరేషన్‌ను మామూలు అక్షరాల్లో రాసే పద్ధతి) ఫైలులోకి మార్చాం. ఐఎఫ్‌ఎస్ కోడ్‌లో చివరి ఆరు స్థానాలే, ఎక్కువగా అంకెలే, శాఖ గుర్తు. మా ఫైలులో 000417 అని రాస్తే అప్లికేషన్ దాన్ని 271గా చదివింది. సున్నాతో మొదలయ్యే సంఖ్యను యామల్ 1.1 అష్టాంశంగా, అంటే ఎనిమిది ఆధారంగా తీసుకుంటుంది. అయితే 000489 మాత్రం సరిగ్గానే వచ్చింది, ఎందుకంటే 8, 9 అంకెలున్నది అష్టాంశం కాలేదు కనుక దాన్ని అక్షరాలుగా ఉంచేసింది. కొన్ని శాఖలు పనిచేసి, కొన్ని పనిచేయకపోవడంతో తప్పు ఫైలులో ఉందన్న ఊహే రాలేదు. నాలుగు రోజులు పోయాయి.

టామ్‌క్యాట్_పాతకాపు
కొటేషన్లలో పెట్టి రాసి ఉంటే అయిపోయేది. అది రాసినవారి తప్పు, యామల్ తప్పు కాదు.

శాఖ_కోడ్
అయ్యా, ఆ ఫైలు నింపింది ఆపరేషన్స్‌లో చేరి రెండు నెలలైన అమ్మాయి. ఆమె అంకెలు ఉన్నవి ఉన్నట్టే రాసింది. కోడ్‌లో తప్పు రాస్తే కంపైలర్ ఆపుతుంది, టెస్టులు ఆపుతాయి. కాన్ఫిగరేషన్‌ను బయటికి తీసినప్పుడు ఆ కాపలా అంతటినీ తీసేసి, తప్పు జరిగాక మనిషిని నిందించడం న్యాయమేనా? ఇప్పుడు అప్లికేషన్ లేచేటప్పుడే ప్రతి శాఖ గుర్తుకూ ఆరు అంకెలున్నాయో లేదో చూసి, లేకుంటే లేవకుండా ఆగిపోయేలా రాశాం. ఆ పని మొదటి రోజే చేయాల్సింది.

విడుదల_ఇంజనీరు
ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, ఈ చర్చలో అసలు విషయం ఇప్పుడే వచ్చింది. 2012 ఆగస్టు 1న అమెరికాలో షేర్ల వ్యాపారం చేసే నైట్ క్యాపిటల్ సంస్థ సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ వెళ్లింది. ఏళ్ల తరబడి వాడని పాత ఫ్లాగ్‌కు (కోడ్‌లో ఒక పనిని ఆన్, ఆఫ్ చేసే గుర్తు) కొత్త అర్థం ఇచ్చి వాడుకున్నారు. ఎనిమిదో సర్వర్‌లో ఆ ఫ్లాగ్ పాత కోడ్‌ను నిద్ర లేపింది. 2024 జూలై 19న మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చిన సంగతి గుర్తుంది కదా. ఆరోజు విండోస్ కంప్యూటర్లను ఆపేసినది, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపినది కూడా కొత్త సాఫ్ట్‌వేర్ కాదు, కాన్ఫిగరేషన్ ఫైలు. అది దశలవారీగా కాక ఒకేసారి వెళ్లింది. కాబట్టి కాన్ఫిగరేషన్‌కు వేరే గిట్ రిపాజిటరీ పెట్టండి, ఇద్దరి ఆమోదం లేనిదే మార్పు కలపకండి, ముందు ఒక్క సర్వర్‌కే పంపండి.

కృష్ణాతీరం
అందరికీ కృతజ్ఞతలు. ఒకే జార్, పక్కన ఫైలు, వేరే రిపాజిటరీ అని నిర్ణయించాం. ప్రొడక్షన్‌లో లేచేటప్పుడు డేటాబేస్ చిరునామాలో టెస్ట్ సర్వర్ పేరు కనిపిస్తే ఆగిపోయే తనిఖీని ఈ వారమే పెట్టాం. నా మూడో సందేహానికి మాత్రం ఎవరూ బదులివ్వలేదు.

పాడ్_కాపరి
స్ప్రింగ్ బూట్ యాక్చుయేటర్‌లో (నడుస్తున్న అప్లికేషన్ స్థితిని చూపే భాగం) ఎన్వ్ అనే ఎండ్‌పాయింట్, అంటే వెబ్ చిరునామా, చూడండి. ఏ విలువ ఏ మూలం నుంచి వచ్చిందో వరుసగా చూపిస్తుంది. స్ప్రింగ్ బూట్ 3 నుంచి విలువలను నక్షత్రాలతో దాచి చూపుతుంది, మూలం పేరు మాత్రం కనిపిస్తుంది. దాన్ని బయటి నెట్‌వర్క్‌కు తెరవకండి.

తాళంచెవి
పాస్‌వర్డులను కుబర్నెటీస్ సీక్రెట్‌లో పెట్టబోయేవారికి ఒక మాట. అది ఎవరైనా తిరిగి చదవగలిగే బేస్64 రూపం మాత్రమే, ఎన్‌క్రిప్షన్ కాదు. ఈటీసీడీలో (కుబర్నెటీస్ తన సమాచారం దాచే డేటాబేస్) ఎన్‌క్రిప్షన్‌ను మీరే ప్రత్యేకంగా పెట్టుకోవాలి. ఇంకొకటి, ఎకో కమాండ్‌తో బేస్64 చేసేటప్పుడు మైనస్ ఎన్ (-n) మరిచిపోతే పాస్‌వర్డ్ చివర కొత్త లైను గుర్తు చేరుతుంది. కంటికి కనిపించదు, డేటాబేస్ మాత్రం లాగిన్ కానివ్వదు. మేము ఆ ఒక్క గుర్తు కోసం ఒక శనివారం మొత్తం వెతికాం.