కడుపు కదలిక మాత్రలు నెలల తరబడి వాడొచ్చా?

మౌలాలి_మధు: మా అమ్మకు 62 ఏళ్లు, చాలాకాలంగా షుగర్. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయేది, పొద్దున తిన్నది సాయంత్రం వాంతిలో వచ్చేది. స్కాన్ చేసి గ్యాస్ట్రోపరేసిస్ అన్నారు. అంటే తిన్నది కడుపులోంచి పేగులోకి దిగడం ఆలస్యమవుతోందట. పాంటోప్రజోల్‌లో (అది యాసిడ్ తగ్గించేది) లెవోసల్పిరైడ్ అనే కడుపు కదిలించే మందు కలిసిన మాత్ర ఒక నెలకి రాశారు. వాంతులు తగ్గాయి. పాత చీటీ చూపిస్తే మెడికల్ షాపులో ఇస్తూనే ఉన్నారు, ఆరు నెలలు దాటింది. ఇప్పుడు కుడిచేయి వణుకుతోంది, నడక నెమ్మదించింది. బాబాయి ఆపేయమంటాడు, అమ్మ ససేమిరా అంటోంది. మీరేమంటారు?

నల్లకుంట_పెద్దాయన: ఆపించు బాబూ. ఈ మాత్రలన్నీ ఒక రోగం తగ్గించి ఇంకోటి అంటగట్టేవే. రాగి జావ, మజ్జిగ, సాయంత్రం నడక చాలు.

టైప్‌వన్_అక్క: పెద్దాయన గారూ, మీకు ఈ జబ్బు లేదు కాబట్టి జావ చాలంటున్నారు. నాకుంది. ఇన్సులిన్ వేసుకుని తింటాను, తిండి కిందికి దిగదు, షుగర్ ధబాలున పడిపోతుంది. రెండు గంటలయ్యాక చూస్తే మూడొందలు. మాత్ర లేని రోజుల్లో సెలైన్ కోసం ఆస్పత్రిలో చేరాను.

ఫార్మసిస్ట్_అమీర్‌పేట: మధు గారూ, ముందు వణుకు సంగతి. లెవోసల్పిరైడ్, అలాంటిదే మెటోక్లోప్రమైడ్, రెండూ డోపమిన్‌ను అడ్డుకుంటాయి. కడుపులో అది మేలే, కానీ మెదడులోకి కూడా వెళ్తాయి. మెదడులో కదలికల్ని నడిపించే రసాయనం ఈ డోపమిన్, అక్కడ అది పనిచేయకపోతే పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) లాంటి లక్షణాలొస్తాయి. పెద్ద వయసువాళ్లకు ఎక్కువ. మందు ఆపాక చాలామందికి నెమ్మదిగా తగ్గుతుంది, అందరికీ కాదు. వారాంతం దాకా ఆగకుండా డాక్టర్‌కి చూపించండి.

ఎన్నాళ్లు వాడాలన్న దానిమీద పెద్ద సంస్థలకే ఏకాభిప్రాయం లేదు. మెటోక్లోప్రమైడ్ 12 వారాలు దాటి వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లో మందు వివరాల కాగితం మీద పెట్టె కట్టి మరీ హెచ్చరించింది, గ్యాస్ట్రోపరేసిస్‌కు మాత్రం అనుమతి ఉంచింది. యూరప్ 2013లో అయిదు రోజులే అంది, ఈ జబ్బుకైతే అసలు వద్దంది. మన దగ్గరేమో ఇదే కోవకు చెందిన డోంపెరిడోన్ కలిసిన గ్యాస్ క్యాప్సూల్‌ను బిర్యానీ తిన్న ప్రతివాడూ చీటీ లేకుండా అడుగుతాడు.

నల్లకుంట_పెద్దాయన: అదే నేనన్నది!

ఫార్మసిస్ట్_అమీర్‌పేట: కాదండీ. మీరు మందే వద్దన్నారు, నేను గడువు లేని మందు వద్దంటున్నాను. డోంపెరిడోన్ మెదడులోకి పెద్దగా వెళ్లదు, కానీ గుండె లయను దెబ్బతీయొచ్చు, అందుకే ముందు ఈసీజీ. ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కడుపును బాగానే కదిలిస్తుంది, కానీ కొన్ని వారాలకే దాని పట్టు తప్పుతుంది. ఆ రెండూ కలిపి అసలు వేయకూడదు, రెండూ గుండె లయ మీదే పడతాయి. సిసాప్రైడ్ అనే ఇంకో కడుపు కదలిక మందును గుండె సమస్యలవల్లే మన దేశంలో 2011లో నిషేధించారు.

టైప్‌వన్_అక్క: గడువు సరే. అది ముగిసిన మర్నాడు నేనేం తినాలి? వాంతులతో బరువు తగ్గిపోతున్న మనిషికి చేయి వణుకుతుందేమోనన్న భయం రెండో విషయం. నాకు డాక్టర్ ప్రూకలోప్రైడ్‌కు మార్చారు, అది వేరే దారిలో పనిచేస్తుంది. కాబట్టి ఆపడం కాదు, మార్చడం గురించి అడగండి.

ఫార్మసిస్ట్_అమీర్‌పేట: ఒప్పుకుంటాను. ఇంకోటి, ఈ వణుకును కొత్త జబ్బనుకుని వణుకు తగ్గించే ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర రాస్తుంటారు. అది కడుపును ఇంకా మందగింపజేస్తుంది. చూపించుకునేటప్పుడు పాత స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లండి. బరువు కోసమో షుగర్ కోసమో వారానికోసారి వేసే సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్ ఏమైనా ఉందా? అవి కూడా కడుపును నెమ్మదింపజేస్తాయి.

మౌలాలి_మధు: ఇంజెక్షన్ లేదండీ. రేపు ఉదయానికి అపాయింట్‌మెంట్ దొరికింది. షుగర్‌కి మంచిదని రోజూ గోంగూర, పచ్చి క్యారెట్ పెడుతున్నాం, పర్వాలేదా?

టైప్‌వన్_అక్క: అయ్యో, అవి తగ్గించు తమ్ముడూ. పీచు, నూనె రెండూ ఈ కడుపుకి పడవు. మెత్తగా ఉడికించి, మెదిపి, కొంచెం కొంచెంగా అయిదారుసార్లు పెట్టు. షుగర్ ఎక్కువున్నా కడుపు ఇంకా నెమ్మదిస్తుంది, గ్లూకోమీటర్ నోట్‌బుక్ కూడా తీసుకెళ్లు.

మౌలాలి_మధు: ముద్దపప్పు, నెయ్యి?

టైప్‌వన్_అక్క: పప్పు జారుగా చేసి కొద్దిగా పెట్టు. నెయ్యి గురించి మాత్రం అమ్మతో నువ్వే మాట్లాడుకోవాలి.