త్సీగెన్‌బాల్గ్: డ్రెస్డెన్‌లో పై అంతస్తు బెల్ మీద కనిపించిన ఇంటిపేరు. మూలం ఎవరికైనా తెలుసా?

సూళ్లూరుపేట కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాస్టర్స్ కోసం డ్రెస్డెన్ వచ్చి ఏడాదిన్నర అయింది. పోయిన నెల ఇల్లు మారాను. ఇక్కడ ఫ్లాట్ నంబర్లు ఉండవు. కింద గేటు దగ్గర బెల్ పక్కన ఇంటిపేరు రాసి ఉంటుంది, పార్సిల్ తెచ్చేవాడికి అదే గుర్తు. అలా పేర్లు చదువుతూ ఒకచోట ఆగిపోయాను: జీగెన్‌బాల్గ్.

మా అమ్మమ్మ వాళ్లది లూథరన్ చర్చి, చిన్నప్పుడు సండే స్కూల్లో విన్న పేరు ఇది. 1706లో తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో దిగిన మిషనరీ బార్తలోమేయుస్ జీగెన్‌బాల్గ్. తమిళంలోకి కొత్త నిబంధన తెచ్చినాయన. ఆయన పుట్టిన పుల్స్‌నిట్స్ డ్రెస్డెన్ నుంచి రైల్లో గంట కూడా పట్టదు. పై అంతస్తులో ఉండే పెద్దావిడని అడిగితే, "ఆయన మా వాళ్లని మా నాన్న అనేవాడు. నాన్న చాలా అనేవాడులే" అంది. క్లాసులో పశ్చిమ జర్మనీ నుంచి వచ్చినవాళ్లు ఈ పేరు ఎప్పుడూ వినలేదన్నారు.

నా ప్రశ్నలు: దీని అర్థం ఏమిటి? ఇంత అరుదైన పేరు ఉన్నవాళ్లంతా ఒకే కుటుంబమా? తెలుసుకోవడానికి ఎక్కడ వెతకాలి?

మ్యూనిక్ మామ:
తమ్ముడూ, ముందు ఉచ్చారణ. జర్మన్‌లో మాట మొదట జడ్ అక్షరం వస్తే "త్స". చివర్లో "గ్" ఉంటే "క్" అయిపోతుంది. కాబట్టి త్సీగెన్‌బాల్క్. రాసేటప్పుడు మాత్రం చివర గ్. నేను వచ్చిన కొత్తలో బాంబెర్గ్‌ని అందరూ "బాంబెర్క్" అంటుంటే వేరే ఊరేమో అనుకున్నాను.

త్సీగె అంటే మేక. బాల్గ్ అంటే ఇక్కడ మా ఆఫీసులో చెప్పిన అర్థం "అల్లరి పిల్లవాడు". మేక పిల్లలాంటి వెధవ అని ఎవరో పెట్టి ఉంటారు.

కొలిమి:
మామా, ఆ అర్థం ఉంది కానీ అది తర్వాత పుట్టిన తిట్టు. బాల్గ్ అసలు అర్థం చెప్పడానికి తెలుగువాళ్లకి ఒక్క మాట చాలు: తిత్తి.

నిజంగా అచ్చు అదే. పొట్ట నిలువునా కోయకుండా, సంచిలా ఊడేలా ఒలిచిన జంతువు తోలుని బాల్గ్ అంటారు. నక్క, కుందేలు తోలుకి వేటగాళ్లు ఇప్పటికీ ఆ మాటే వాడతారు. కొలిమి దగ్గర గాలి ఊదేదాన్ని బ్లాజెబాల్గ్ అంటారు, అంటే ఊదే తిత్తి, మన కొలిమితిత్తి. ఇంగ్లిష్‌లో పొట్టని బెల్లీ అనడం, కొలిమితిత్తిని బెలోస్ అనడం కూడా ఈ వేరు నుంచే. మనం కోపమొస్తే "తిత్తి తీస్తా" అంటాం చూడండి, ఆ తిత్తి.

కాబట్టి త్సీగెన్‌బాల్గ్ అంటే మేకతిత్తి. మేకతోళ్లు పదును చేసేవాడికో, కొని అమ్మేవాడికో ఊళ్లోవాళ్లు పెట్టిన పిలుపుపేరు కావడానికి ఎక్కువ అవకాశం. జర్మన్ ఇంటిపేర్లలో ఇలాంటివి బోలెడు: త్సీగెన్‌ఫూస్ అంటే మేకకాలు, రిండ్‌ఫ్లైష్ అంటే గొడ్డుమాంసం, కల్బ్‌ఫ్లైష్ అంటే దూడమాంసం. హాజెన్‌బాల్గ్ అని కూడా ఉంది, కుందేలుతిత్తి. ఆ పేరున్న కార్లోస్ హాజెన్‌బాల్గ్ అర్జెంటీనాలో పుట్టి బ్రెజిల్‌లో పేరున్న సామాజిక శాస్త్రవేత్త అయ్యాడు.

మన దగ్గర "మేకల" ఇంటిపేరు ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడ చెయ్యెత్తండి, దూరపు చుట్టాల్ని దొరికించుకున్నారు.

బ్రాడీపేట 4వ లైన్:
చెయ్యెత్తాను. మా అమ్మ పుట్టింటివాళ్లు మేకల. వాళ్లకి మేకలు ఉన్నట్టు మా తాతలు కూడా చూడలేదు.

కొలిమి గారూ, తిత్తి అంటే మా వైపు ఒక వాయిద్యం కూడా. మేకతోలు తిత్తిలో గాలి నింపి చంకలో నొక్కుతూ శ్రుతి కోసం ఊదుతారు. వీధి భాగోతాల్లో వినేవాళ్లం. జర్మనీలో అలాంటిది ఉందా? వాయించేవాడికి ఈ పేరు వచ్చి ఉండొచ్చు కదా.

కొలిమి:
అబ్బ, మంచి ప్రశ్న వేశారు. ఉంది, అదీ ఈ ప్రాంతంలోనే. పుల్స్‌నిట్స్ ఉన్న లౌజిట్స్ ప్రాంతంలో సోర్బులు అనే స్లావు జాతివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల పెద్ద తిత్తి వాయిద్యం పేరు "కొజొల్", ఆ మాటకి అర్థమే మేకపోతు. బొచ్చు బయటికి కనిపించేలా మేకతోలు ఉంచుతారు, చెక్కతో చేసిన మేక తల కూడా తగిలిస్తారు.

కానీ దీన్నిబట్టి ఇంటిపేరు వాయిద్యం నుంచే వచ్చిందంటే మాత్రం నేను ఒప్పుకోను. వినడానికి బాగుండే కథ, అంతే. పిలుపుపేర్ల విషయంలో మొదట పిలిచినవాడి మనసులో ఏముందో మనకి తెలిసే దారి లేదు. తోళ్లపని అన్నది మామూలు వివరణ, నేను దానితోనే ఆగుతాను.

పాతకాగితాలు:
లైప్‌జిగ్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. మావారు జర్మన్, అత్తగారి వంశవృక్షం గీయబోయి ఈ పిచ్చిలో పడ్డాను. బాబూ సూళ్లూరుపేటా, నీ రెండో ప్రశ్నకి నేను చెప్తాను, కొంచెం పొడుగు అవుతుంది.

ఇంటిపేరు ఎక్కడెక్కడ ఉందో చూపించే మ్యాపులు నెట్‌లో ఉన్నాయి. జియోజెన్ అని ఒకటి ఉంది. ఇంకా గట్టిది మైన్జ్ అకాడమీ నడిపే డిజిటల్ ఇంటిపేర్ల నిఘంటువు. ఇది 2005 నాటి ల్యాండ్‌లైన్ ఫోన్ల జాబితా మీద ఆధారపడింది. ఆ తర్వాత జనం మొబైళ్లకి మారిపోయారు కాబట్టి కొత్త జాబితా తీసుకుంటే లెక్క ఇంకా తప్పుతుంది. త్సీగెన్‌బాల్గ్ అని కొడితే తూర్పు సాక్సనీ, అంటే పుల్స్‌నిట్స్, డ్రెస్డెన్ చుట్టుపక్కలే రంగు చిక్కబడుతుంది. మిగతా దేశంలో అక్కడొకటి ఇక్కడొకటి. నీ క్లాస్‌మేట్లు వినకపోవడంలో వింత లేదు.

అయితే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మ్యాప్‌లో వచ్చే అంకె ఫోన్ల సంఖ్య, మనుషుల సంఖ్య కాదు. ఒక ఫోన్ వెనక ఇల్లంతా ఉంటుంది. అందుకే దాన్ని దాదాపు మూడుతో గుణించి అంచనా వేస్తారు. అరుదైన పేర్ల దగ్గర ఈ అంచనా కూడా బాగా ఊగుతుంది.

రెండోది, 2005 మ్యాప్ అంటే 1945 తర్వాత కదిలిన జనం మ్యాప్. యుద్ధం ముగిశాక సైలీషియా, తూర్పు ప్రష్యా లాంటి చోట్ల నుంచి కోటీ ఇరవై లక్షలమంది దాకా జర్మన్లు పారిపోయో, తరిమివేయబడో ఇటు వచ్చారు. మా అత్తగారి ఇంటిపేరు మ్యాప్‌లో హానోవర్ దగ్గర ఎర్రగా కనిపిస్తుంది, వాళ్ల ముత్తాతల్లో ఒక్కరు కూడా హానోవర్ మొహం చూడలేదు. అంతకుముందు లెక్క కావాలంటే మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన, గాయపడిన సైనికుల జాబితాలు చూడు. కంప్యూటర్ జీనియాలజీ సంఘం వాలంటీర్లు వాటిని పేరుపేరునా టైప్ చేసి నెట్‌లో పెట్టారు, పుట్టిన ఊరు కూడా ఉంటుంది, ఉచితం. 2005లోనూ, ఆ జాబితాల్లోనూ ఒకే చోట కనిపిస్తే ఆ పేరు అక్కడిదే అని ధైర్యంగా అనొచ్చు.

ఇక ఒకే కుటుంబమా అంటే, ఇంత చిన్న ప్రాంతంలో ఇంత విచిత్రమైన పేరు కాబట్టి కావచ్చు. ఋజువు మాత్రం చర్చి రికార్డులే. జర్మనీ అంతటా సివిల్ రిజిస్ట్రేషన్ మొదలైంది 1876 జనవరి 1న. అంతకుముందు సాక్సనీలో పుట్టుక, పెళ్లి, చావు దాదాపు అన్నీ పాస్టరు పుస్తకంలోనే. ప్రొటెస్టెంట్ పుస్తకాలు ఆర్కియోన్ పోర్టల్‌లో డబ్బు కట్టి చూడొచ్చు. పేరుకి ఒకే స్పెల్లింగ్ అనే ఆలోచనే అప్పట్లో లేదు, పాస్టరు చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. ఆడవాళ్ల పేరు చివర "ఇన్" చేర్చేవాళ్లు కూడా. మిషనరీ త్సీగెన్‌బాల్గ్ 1716లో పెళ్లాడిన మరియా డొరొథేయా ఇంటిపేరు సాల్ట్‌స్మాన్. అప్పటి అలవాటు ప్రకారం ఆవిడ సాల్ట్‌స్మానిన్. ఇది తెలియక నేను ఆరు నెలలు ఒక ముత్తవ్వ కోసం వెతికాను.

మ్యూనిక్ మామ:
అక్కా, సగం తలకెక్కింది, సగం బీరుతో పాటు దిగిపోయింది. నాదో అనుభవం చెప్తాను. మా పక్కింటాయన ఎవరో నెట్‌లో అమ్ముతుంటే "మీ వంశ చిహ్నం, మీ రాజవంశ మూలం" అని ఒక సర్టిఫికెట్ కొన్నాడు. ఫ్రేము కట్టించి గోడకి తగిలించాడు. ఆయన ఇంటిపేరు ముల్లర్!

పాతకాగితాలు:
జర్మనీలో అన్నిటికంటే ఎక్కువ ఉన్న ఇంటిపేరు ముల్లర్, అంటే పిండిమర వాడు. ప్రతి ఊళ్లో మర ఉంది, ప్రతి మరకీ ఒక ముల్లర్. పాపం, ఆ చిహ్నం ఏ మరదో. ఎవరూ అలాంటివి కొనకండి. లైప్‌జిగ్ యూనివర్సిటీలోనే పేర్ల గురించి సలహా ఇచ్చే కేంద్రం ఉంది, అడగాలంటే అక్కడ అడగండి.

బ్రాడీపేట 4వ లైన్:
ఒక సందేహం. మిషనరీ గారి నాన్న తోళ్లపని చేసేవాడా?

కొలిమి:
కాదు, ధాన్యం వ్యాపారి. కానీ ఆయన పుట్టేనాటికే జర్మన్ ఇంటిపేర్లు కొన్ని వందల ఏళ్లుగా తండ్రి నుంచి కొడుక్కి వస్తున్నాయి. పని మారినా పేరు మారదు. మీ మేకల వాళ్ల సంగతే.

మాట వచ్చింది కాబట్టి, పేరు బాగోలేదనుకున్న చదువరులు అప్పట్లో దాన్ని లాటిన్‌లోకి మార్చుకునేవాళ్లు. కమ్మరి అంటే ష్మిడ్ కాస్తా ఫాబ్రిసియుస్ అయ్యేవాడు. మద్రాసులో తమిళ నిఘంటువు చేసిన ఫాబ్రిసియుస్ ఇంటిపేరు అలాంటిదే. మేకతిత్తి వాళ్లు మాత్రం మార్చుకోలేదు, నాకది నచ్చింది.

తెలుగు సంగతి కూడా ఒకటి. త్సీగెన్‌బాల్గ్ 1719లో 36 ఏళ్లకే తరంగంబాడిలో చనిపోయాడు. అదే ఏడు అక్కడికి వచ్చినవాడు బెంజమిన్ షుల్ట్‌సె. తర్వాత మద్రాసు చేరి, తెలుగు నేర్చి, వ్యాకరణం రాసి, 1746లో జర్మనీలోని హాలేలో తెలుగు అచ్చు పుస్తకం తెచ్చింది ఆయనే. షుల్ట్‌సె అంటే ఊరి పెద్ద, మన మునసబు లాంటివాడు. ఆ పేరు జర్మనీలో ఎక్కడ రాయి విసిరినా తగులుతుంది.

ఆస్టిన్ శాస్త్రి:
ఆలస్యంగా వచ్చాను. మా ఆస్టిన్‌కి తూర్పుగా సెర్బిన్ అని చిన్న పల్లె ఉంది. 1854లో లౌజిట్స్ నుంచి పాస్టర్ యాన్ కిలియాన్‌తో బయల్దేరి ఓడలో వచ్చిన సోర్బులు కట్టుకున్న ఊరు. వాళ్ల మ్యూజియం, చర్చి ఉన్నాయి. పిల్లలతో వెళ్లినప్పుడు శ్మశానంలో పేర్లు చదివాను. నోవాక్‌లు ఉన్నారు, లేమాన్‌లు ఉన్నారు. ఈ థ్రెడ్ చూశాక నా ఫొటోలన్నీ మళ్లీ తిరగేశాను, త్సీగెన్‌బాల్గ్ కనిపించలేదు.

పాతకాగితాలు:
శాస్త్రి గారూ, నోవాక్ అసలు స్లావు మాట, ఊరికి కొత్తగా వచ్చినవాడు అని. అదే అర్థానికి జర్మన్‌లో నోయ్‌మాన్. లౌజిట్స్‌లో ఈ రెండూ పక్కపక్కనే బెల్ మీద కనిపిస్తాయి. 2025 మే 1 నుంచి కొత్త చట్టం కూడా వచ్చింది, సోర్బు ఆడవాళ్లు తమ ఇంటిపేరుని వాళ్ల భాషలో ఉండే స్త్రీ రూపంలో అధికారికంగా పెట్టుకోవచ్చు. మేకతిత్తి పేరు మాత్రం శుద్ధ జర్మన్.

సూళ్లూరుపేట కుర్రాడు:
అందరికీ చాలా థాంక్స్. రెండు వారాల తర్వాత రాస్తున్నాను, ఎగ్జామ్స్ టెన్షన్‌లో ఉన్నాను.

పై అంతస్తు ఆవిడకి తిత్తి, బాల్గ్ సంగతి చెప్తే గట్టిగా నవ్వింది. బడిలో పిల్లలు తన పేరు పట్టుకుని మేకలా అరిచేవారట. తర్వాత ఒక చిన్న పాస్‌బుక్ లాంటిది తెచ్చి చూపించింది. ఆవిడ తండ్రిది. పూర్వీకుల పేర్లు, ఊళ్లు, తేదీలు, పాస్టరు స్టాంపులు ఉన్నాయి. చూపించేటప్పుడు కాస్త ఇబ్బంది పడింది. ఎందుకో అర్థం కాలేదు.

పాతకాగితాలు:
అది ఆనెన్‌పాస్ అయ్యుంటుంది బాబూ. నాజీల కాలంలో తమ వంశంలో యూదులు లేరని చూపించుకోవడానికి జనం చర్చి రికార్డుల నుంచి ఎత్తి రాయించుకున్న పుస్తకం. అందుకే ఇబ్బంది. పుట్టుక పాడుదైనా, వంశవృక్షం గీసేవాళ్లకి అది దొరికితే నాలుగైదు తరాలు కూర్చున్నచోటే వస్తాయి. మళ్లీ ఎక్కువ అడగకు. ఆవిడే చూపిస్తే చూడు.

సూళ్లూరుపేట కుర్రాడు:
అయ్యో, సరే అక్కా. ఆవిడ చూపించినంతవరకు అన్నీ పుల్స్‌నిట్స్ పక్క పల్లెలే. అన్నిటికంటే పాతాయన పుట్టుక 1810లలో. మిషనరీ గారికీ ఈయనకీ మధ్య ఇంకా వందేళ్లు ఖాళీ. మిషనరీ గారి కొడుకు ఒకరు కోపెన్‌హాగెన్‌లో లెక్కల ప్రొఫెసర్ అయ్యాడని చదివాను, అంటే ఆ శాఖ డెన్మార్క్ వైపు పోయినట్టుంది. వీళ్లు ఆయన అన్నదమ్ముల సంతతో, అసలు వేరో చర్చి పుస్తకం చూస్తే గానీ తేలదు. ఆవిడ ఆర్కియోన్‌కి నెల డబ్బు తనే కడతానంది, చదివిపెట్టే పని నాదట!

ఒక్కటి మాత్రం తెలిసిపోయింది. ఆ పాతాయన వృత్తి దగ్గర "గేర్ట్‌నర్" అని ఉంది. డిక్షనరీలో చూస్తే తోటమాలి. తోళ్లూ లేవు, మేకలూ లేవు.

పాతకాగితాలు:
ఆగు ఆగు. సాక్సనీ, లౌజిట్స్ పాత రికార్డుల్లో గేర్ట్‌నర్ అంటే తోటమాలి కాదు. పెద్ద రైతుని బవర్ అనేవారు, నేల లేకుండా గుడిసె మాత్రం ఉన్నవాణ్ని హోయ్‌స్లర్ అనేవారు. మధ్యలో కాస్త చెక్క నేల ఉన్న చిన్న రైతు గేర్ట్‌నర్. మేకలు తప్పకుండా ఉండి ఉంటాయి.

సూళ్లూరుపేట కుర్రాడు:
అక్కా, నిన్న ఆవిడ పుట్టినరోజుకి "మీ ముత్తాత వృత్తి" అని కార్డు మీద రాసి, పూలమొక్క కుండీ ఇచ్చి వచ్చాను. ఇప్పుడేం చేయాలి?

మ్యూనిక్ మామ:
వచ్చే ఏడాది మేకని ఇవ్వు.