‘పొమ్మనుటే చాలు’ అనా, ‘పొమ్మనుటే చావు’ అనా?

తంగేడుపూలు:
వేమన పద్యం ఒకటి కొద్దిరోజులుగా నన్ను వదలడం లేదు. “చంపదగినట్టి శత్రువు తనచేత / చిక్కెనేని కీడు చేయరాదు / పొసగ మేలుచేసి పొమ్మనుటే...” దగ్గర ఆగిపోతున్నాను. పుస్తకాల్లో “చాలు” అని చూసినట్టుంది. మా తాతయ్య నోట విన్నది మాత్రం “చావు”. అచ్చులో ఎవరైనా చూశారా?

ఎందుకు గుర్తొచ్చిందో కూడా చెప్తాను. నేనుండేది న్యూజెర్సీలో. 2024 డిసెంబర్ 4 పొద్దున్నే మాన్‌హాటన్‌లో హిల్టన్ హోటల్ బయట ఆరోగ్య బీమా కంపెనీ యునైటెడ్ హెల్త్‌కేర్ సీఈఓ బ్రయాన్ థాంప్సన్‌ను వెనక నుంచి కాల్చి చంపారు. మధ్యాహ్నానికల్లా మా ఆఫీసు లంచ్ రూమ్‌లో నవ్వులు మొదలయ్యాయి. కంపెనీ ఫేస్‌బుక్‌లో పెట్టిన సంతాపం కింద వేలకు వేలు నవ్వు బొమ్మలు. నా పక్కన కూర్చునే ఆవిడ ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. “మా సానుభూతికి కూడా ప్రయర్ ఆథరైజేషన్ (బీమా కంపెనీ ముందస్తు అనుమతి) కావాలట” అని ఫోన్లో చదివి నవ్వింది. ఆవిడ భర్తకి డాక్టర్ రాసిన స్కాన్‌ని ఇన్సూరెన్స్ వాళ్లు “వైద్యపరంగా అవసరం లేదు” అని తిప్పికొట్టిన ఉత్తరం ఇప్పటికీ ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంటుంది, నాలుగు మడతలు పెట్టి. నేను నవ్వలేకపోయాను. ఆవిడను తప్పు పట్టనూలేకపోయాను. ఆ రాత్రి నుంచి ఈ పద్యం.

గణయతి:
ఇది ఆటవెలది పద్యం, ముందు మొదటి పాదం సరిచేయాలి. “చంపదగినట్టి” కాదు, “చంపదగినయట్టి”. చంప, దగిన, యట్టి అని మూడు సూర్యగణాలు, శత్రువు, తనచేత అని రెండు ఇంద్రగణాలు. “య” పోతే రెండో గణం దగ్గరే ఆటవెలది కుంటుతుంది. మూడో పాదంలో “టే” దీర్ఘమే. కొందరు “పొమ్మనుటె” అని రాస్తారు, అప్పుడు “టెచాలు” జగణం (లఘువు, గురువు, లఘువు) అవుతుంది, ఇంద్రగణాల్లో జగణానికి చోటు లేదు.

మీరడిగిన లు, వు రెండూ లఘువులే. యతి “పొ”కు “పొ”, అది ముందే పడిపోయింది. కాబట్టి ఛందస్సు ఈ తగవు తీర్చదు. నా మటుకు నాకు “చాలు”.

కోనసీమ కుర్రాడు:
మాకు బడిలో “కీడు సేయరాదు” అని చెప్పారు. అది తప్పా?

గణయతి:
తప్పు కాదు. ప్రథమా విభక్తి మీది పరుషాలకు (క, చ, ట, త, ప) గసడదవలు బహుళంగా వస్తాయని వ్యాకరణం రాసిన చిన్నయసూరే చెప్పాడు. “చి”కి “చే”తోనూ యతి చెల్లుతుంది, “సే”తోనూ చెల్లుతుంది.

చేదుకాకర:
నేను “చావు” పక్షం. “చాలు” అంటే పద్యం చప్పబడిపోతుంది. “మేలు చేసి పంపించు, అంతే చాలు” అనడానికి వేమన ఎందుకు? మొదటి మాటే “చంప” అని ఎత్తుకున్నవాడు చివర్లో దాన్ని తిప్పి కొట్టాలి కదా. చంపదగినవాడికి చావు వేయాల్సిందే, అయితే ఆ చావు కత్తితో కాదు, నీ చేతిలో మేలు పొంది తలొంచుకుని వెళ్లిపోవడమే వాడికి చావు. ఇది మెత్తని పద్యం కాదు. శిక్ష వేసే పద్యం.

గణయతి:
వినడానికి బాగుంది. కానీ మీరు చెప్పిన కారణంతోనే జనం నోట “చాలు” కాస్తా “చావు” అయి ఉంటుంది. ముందు “చంప” ఉంది, “శత్రువు”లో “వు” ఉంది. రెండూ చెవిలో ఉండగా చివరి లఘువు దగ్గర నాలుక “వు” వైపే జారుతుంది. నోటి మీద బతికిన పద్యాలకు ఇది మామూలే. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చు వేసే ముందు ఎన్నో రాతప్రతులు పక్కపక్కన పెట్టుకుని చూసుకోవాల్సి వచ్చిందంటే పాఠాలు (పద్యాల్లోని మాటల రూపాలు) ఎంత చెదిరిపోయాయో అర్థం చేసుకోండి.

చేదుకాకర:
అదే వాదం తిరగేసి కూడా చెప్పొచ్చు గణయతి గారూ. పిల్లల పుస్తకంలో “చావు” అనే మాట ఎందుకని ఎవరో పెద్దమనిషి “చాలు” చేసి ఉండొచ్చు. కష్టమైన పాఠం మెత్తబడుతుంది కానీ, మెత్తని పాఠం కష్టమైనదిగా మారడం అరుదు.

మంచుదారి:
మిన్నెసోటా నుంచి రాస్తున్నాను. ఆ కంపెనీది ఈ రాష్ట్రమే, ఆయన కుటుంబమూ ఇక్కడే. వయసు 50, ఇద్దరు కొడుకులు. మా ఇంట్లోనూ రిజెక్ట్ అయిన క్లెయిమ్‌లు ఉన్నాయి కాబట్టి కోపం నాకు కొత్త కాదు.

మీరంతా చివరి మాట పట్టుకున్నారు, నాకు పేచీ మొదటి మాటతో. “చంపదగిన” అంటే ఏమిటి? “తాగదగిన నీళ్లు” అంటే తాగడానికి పనికొచ్చే నీళ్లు. “నమ్మదగిన మనిషి” అంటే నమ్మకానికి అర్హుడు. మరి “చంపదగినవాడు” చంపడానికి వీలుగా దొరికినవాడా, చావుకు అర్హుడా? అర్హుడైతే ఆ అర్హత తేల్చింది ఎవరు? ఎమర్సన్ కాలేజీ పోల్‌లో 18 నుంచి 29 ఏళ్ల వాళ్లలో 41 శాతం ఈ హత్య ఎంతోకొంత ఆమోదించదగినదే అన్నారు. అన్ని వయసులూ కలిపితే 68 శాతం ఆమోదించలేం అన్నారు. “తగిన” అనే మాట దగ్గర దేశమే రెండుగా చీలింది.

కోనసీమ కుర్రాడు:
“ఆమోదించదగిన” అని మీరూ వాడారు గారూ :) దానికే ఓటు పెట్టారు మరి.

మంచుదారి:
అందుకే ఆ మాట వాడాను. అది వ్యాకరణంలో అమాయకంగా కనిపిస్తుంది, తీర్పు మాత్రం ఇచ్చేస్తుంది.

గణయతి:
వేమన కాలం మాట కాబట్టి అర్హత అనే తీసుకోవాలి. పైగా వేమన దాన్ని కాదనలేదు. “వాడు చంపదగినవాడే కావచ్చు” అని ఒప్పుకున్నాకే “అయినా కీడు చేయరాదు” అన్నాడు. పద్యం బలమంతా ఆ ఒప్పుకోలులో ఉంది. శత్రువు మంచివాడని చెప్పి క్షమించమనడం తేలిక.

పాలమూరు బిడ్డ:
అందరూ ఒక మాట దాటేసిన్రు. “తనచేత చిక్కెనేని.” చేతికి చిక్కింది ఎవరు?

మొన్నామధ్య మా నాయినను హైదరాబాద్‌ల ఒక పెద్ద ఆసుపత్రిల చేర్పించినం. పొద్దుగాల డాక్టర్ వచ్చి డిశ్చార్జ్ రాసిపోయిండు. నర్సు సూది తీసి దూది అంటించింది. నాయిన ఇంటి చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని మంచం అంచున కూర్చున్నడు. బిల్లింగ్ కౌంటర్ కాడ “ఫైనల్ అప్రూవల్ రాలేదు” అన్న మాట తప్ప వేరే మాట లేదు. దీపాలు పెట్టేదాక అట్లనే కూర్చున్నడు, చెప్పులు కూడా విడువలే. డిశ్చార్జ్ అప్రూవల్ మూడు గంటల్లో ఇయ్యాలని బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2024 మే నెలల సర్క్యులర్ ఇచ్చింది. ఆ కాయితం నా ఫోన్ల ఉంది, కౌంటర్‌ల చూపించిన, “మేం ఏం చేస్తం సార్, వాళ్లు పంపాలె” అన్నరు.

ఇన్సూరెన్స్ కట్టినోడి చేతికి కంపెనీ ఎన్నడన్న చిక్కుతదా? చిక్కింది రోగి. అందుకని ఈ పద్యం మనకు చెప్పింది కాదు, వాళ్లకు చెప్పింది. చేతిల చిక్కిన శత్రువుకే మేలు చేసి పంపమన్నడు. మరి నెలనెల ప్రీమియం కట్టి, నమ్మి, మంచం మీద పడ్డోని సంగతేంది?

తంగేడుపూలు:
పాలమూరు బిడ్డ గారూ, ఈ పద్యాన్ని అటువైపు నుంచి నేనెప్పుడూ చూడలేదు. మీ నాయన గారు ఇప్పుడు బాగున్నారా?

పాలమూరు బిడ్డ:
మంచిగున్నడు. చేనుకు పోతున్నడు.

పంతులమ్మ, తెనాలి:
ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినదాన్ని, వేమనతో ఆగలేను. వెనక నుంచి కాల్చారు అని తంగేడుపూలు రాయగానే నాకు పోతన వచ్చి కూర్చున్నాడు. నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి ఈడ్చుకొస్తే ద్రౌపది అడుగుతుంది:

ఉద్రేకంబున రారు, శస్త్రధరులై యుద్ధావనిన్ లేరు, కిం
చిద్ద్రోహంబును నీకుఁ జేయరు, బలోత్సేకంబుతోఁ జీకటిన్
భద్రాకారులఁ బిన్నపాపల రణప్రౌఢక్రియాహీనులన్
నిద్రాసక్తుల సంహరింప నకటా! నీ చేతులెట్లాడెనో?

“నీ చేతులెట్లాడెనో” దగ్గర క్లాసులో నా గొంతు ప్రతిసారీ పట్టేసేది. శాపం పెట్టలేదు, తిట్టలేదు, చేతులు ఎలా ఆడాయిరా అని అడిగింది. వెంటనే, నాలాగే నీ తల్లి కూడా ఎక్కడ ఏడుస్తోందో అంటుంది. అయిదుగురు కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లి హంతకుడి తల్లిని తలుచుకుంది. కంపెనీ మీద కోపం ఉన్నవాళ్లు ఆ ఇద్దరు పిల్లల్ని ఒక్కసారి తలుచుకుంటే ఆ నవ్వు రాదని నా నమ్మకం.

కోనసీమ కుర్రాడు:
అమ్మా నమస్కారం. “భద్రాకారులఁ జిన్నపాపల” అని కదా?

పంతులమ్మ, తెనాలి:
రెండూ వింటుంటాం నాయనా. నా నోటికి “పిన్న”. ప, భ పక్కపక్కన ఉంటే పాదం మొత్తం పెదవుల మీదే నడుస్తుంది చూడు: భద్రాకారుల, బిన్నపాపల, ప్రౌఢ. పోతన చెవి అలాంటిది.

చేదుకాకర:
పంతులమ్మ గారూ, ద్రౌపదిని తలచారు, భీముణ్ణి వదిలేశారు. “వెఱ్ఱిది ద్రౌపది” అన్నాడు. వీణ్ణి విడువడమేమిటి, మీరు చంపకపోతే నా పిడికిలితో తల పగలగొడతాను అన్నాడు. ఆ లంచ్ రూమ్‌లో నవ్వినవాళ్లవి భీముడి మాటలు. పోతన భీముడి నోరు నొక్కలేదు, అతనికీ ఒక చంపకమాల ఇచ్చాడు. చికాగో యూనివర్సిటీ నార్క్ సర్వేలో పదిమందిలో ఎనిమిదిమంది చంపినవాడికి బాధ్యత ఉందన్నారు. పదిమందిలో ఏడుగురు క్లెయిమ్‌లు తిరస్కరించడానికీ, కంపెనీల లాభాలకీ కూడా బాధ్యత ఉందన్నారు. రెండూ ఒకే జనం నోటి నుంచి వచ్చినవే. మాతృసంస్థకు అప్పటి అధిపతి ఆండ్రూ విట్టీ కూడా, ఇలాంటి వ్యవస్థను ఎవరూ కావాలని తయారుచేసుకోరని పత్రికలో రాశాడు.

పంతులమ్మ, తెనాలి:
భీముడి కోపం కాదనను. కానీ భీముడు అశ్వత్థామ ముఖాన నిలబడి అన్నాడు. చీకట్లో వెనక నుంచి వచ్చినవాడు ఆ కథలో అశ్వత్థామే.

మంచుదారి:
పట్టుబడిన యువకుడు కోర్టులో నేరం ఒప్పుకోలేదు, కాబట్టి అతని గురించి నేను ఏమీ అనను. తూటాల మీద రాసి ఉన్నాయన్న మూడు మాటలు మాత్రం ఈ చర్చకు పనికొస్తాయి. డిలే (సాగదీయడం), డినై (కాదనడం), డిపోజ్. బీమా కంపెనీలను విమర్శిస్తూ ఒక న్యాయశాస్త్ర ఆచార్యుడు 2010లో రాసిన పుస్తకం పేరులో మూడో మాట “డిఫెండ్”. ఇక్కడ అది “డిపోజ్” అయింది. డిపోజ్ అంటే గద్దె దింపడం. వేమన “పొమ్మను” అన్నదీ అదే కదా! మనిషిని పదవి నుంచి పొమ్మనాల్సిన చోట ప్రాణం తీశారు.

చేదుకాకర:
మంచుదారి గారూ, తెలిసో తెలియకో నా “చావు” పాఠానికి సాక్ష్యం తెచ్చిపెట్టారు. పంతులమ్మ గారు ఎత్తుకున్న ఘట్టం చివర ఏం జరిగింది? చంపకుండా చంపినట్టు చేయాలి. అర్జునుడు తల గొరిగి, శిరోమణి తీసుకుని, శిబిరం నుంచి వెళ్లగొట్టాడు. సంస్కృత భాగవతంలో ఇలా ఉంది: “వపనం ద్రవిణాదానం స్థానాన్నిర్యాపణం తథా, ఏష హి బ్రహ్మబంధూనాం వధః”. తల గొరగడం, సొమ్ము లాక్కోవడం, స్థానం నుంచి వెళ్లగొట్టడం, ఇదే వాళ్లకు వధ. స్థానాన్నిర్యాపణమే వధ అంటే పొమ్మనుటే చావు! వేమన ఈ కథ వినకుండా ఉంటాడా?

గణయతి:
విన్నాడనే అనుకుందాం. మరి “పొసగ మేలుచేసి” ఏమైంది? అశ్వత్థామకు ఎవరు ఏ మేలు చేశారు? గుండు గొరిగి మణి లాక్కోవడం మేలు కాదు. మీ పాఠం నిలబడాలంటే మూడో పాదం మొదటి సగం ఎగిరిపోవాలి.

చేదుకాకర:
ప్రాణం మిగల్చడం మేలు కాదా?

గణయతి:
“కీడు చేయరాదు”లోనే అది అయిపోయింది. ప్రాణం తీయకపోవడం కీడు చేయకపోవడం. “మేలు” అని వేరే చెప్పాడంటే ఇంకేదో చేయాలి. అందులోనూ “పొసగ” అన్నాడు, కుదిరేలా, వాడికి తగినట్టుగా. ఆ మాట మీద ఇంతవరకు ఒక్కరూ నోరు విప్పలేదు.

పాలమూరు బిడ్డ:
పొసగ అంటే మా దిక్కు ఇద్దరికి కుదరడం. “వాళ్లిద్దరికి పొసగదు” అంటం. చేసినోనికి, పొందినోనికి ఇద్దరికి సరిపోయే మేలు అయితదేమో.

గణయతి:
వాడుకలో సరే. కానీ అది ఇక్కడ క్రియావిశేషణం, “పొసగన్” అని ద్రుతాంతం, అంటే చివర “న్” ఉన్న రూపం. ఇద్దరి మధ్య పొత్తు అనే అర్థం ఈ రూపానికి వస్తుందంటే నాకు అనుమానం.

పంతులమ్మ, తెనాలి:
అనుమానం ఎందుకు? “పొసఁగ” అని అరసున్నతో చదివితే “ఒప్పునట్లుగా” అని తీసుకోవచ్చు. ఎవరికి ఒప్పునట్లుగా అన్నది మీరు తేల్చలేదు, ఆ బిడ్డ చెప్పిందాంట్లో తప్పేముంది?

గణయతి:
అరసున్న సరే, చివరి ద్రుతం “మేలు”లో “మే” ముందు ఏమవుతుందో కూడా చూడాలి అమ్మా. రేపు వివరంగా రాస్తాను.